తల్లిపురుగును చూసినావా?

తిప్పేస్వామి సారుకు అనుమానం. దేనిమీద అని అడగకండి, అడిగితే మీమీద కూడా మొదలవుతుంది. పాలు పోసినవాణ్ణి నిలబెట్టి చెంబులో వేలు ముంచి చూసేవాడు. పోస్టుమాన్ ఉత్తరం ఇస్తే కవరును వెలుతురుకు పట్టి "ఇది నాకేనా?" అనేవాడు. హిందూపురం బస్సెక్కితే డ్రైవరును "ఇది యాడికి పోతాది?" అని అడిగి, అతని మాట నమ్మక కండక్టరును, కండక్టరునూ నమ్మక పక్క సీటు ముసలమ్మను అడిగేవాడు. ఎవరేం చెప్పినా ఆయన నోట వచ్చేది ఒకటే మాట: "నువ్వు చూసినావా?"

చిలమత్తూరు పక్కన మా ఊళ్ళో పుస్తకాలున్న ఇల్లు అదొక్కటే. సారు పిల్లలకు ప్రకృతిశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. నేను ఇంటర్ తప్పి, పని దొరక్క, లోకం మొత్తం మీద కోపంతో తిరుగుతున్న మనిషిని. చదవడానికి ఇంకెక్కడికి పోను? లోపలికి వస్తుంటే గడపలోనే ఆపి సంచి వెతికేవాడు. బయటికి పోయేటప్పుడు మళ్ళీ వెతికేవాడు.

"పోయేటప్పుడు సరే, వచ్చేటప్పుడు ఎందుకు సార్?"

"వచ్చేటప్పుడు ఏముండెనో తెలియకుంటే, పోయేటప్పుడు ఏం పోతాందో నాకెట్ల తెలియల్లప్పా దివాకర్?"

ఆయన పుస్తకాలన్నీ పందొమ్మిదో శతాబ్దపు శాస్త్రజ్ఞుల గురించే. లోకానికి వాళ్ళు మహానుభావులు, సారుకు ముద్దాయిలు. రోజుకొకణ్ణి బోనెక్కించేవాడు.

"ఆ బఠానీల సన్యాసిని చూడు. మఠం పెరట్లో నాటితే మూడు పొడుగువి, ఒకటి పొట్టిది వచ్చినాయంట. లెక్క పొల్లు పోలే! మన చేన్లో సగం విత్తనం మొలవదు, మొలిచిన దాంట్లో సగం ఎండిపోతాది. ఆయప్పకు మాత్రం లెక్క కుదురుతాది. నమ్మల్నా?"

"ఆ దేశంలో వానలు పడతాయేమో సార్."

"నువ్వు చూసినావా?"

మనిషికీ కోతికీ చుట్టరికం కలిపిన గడ్డం దొర మీద ఇంకో కేసు. "ఇరవై ఏండ్లు ఆ సంగతి అచ్చెయ్యకుండా దాచిపెట్టుకున్యాడు. నిజమైతే దాచేదెందుకు?"

"భయపడినాడేమో."

"భయపడినోని మాట ఎట్ల నమ్మేది?"

ఒక్క ఫ్రాన్సు దేశపు పాశ్చరు పేరెత్తితే మాత్రం ముఖం కొంచెం విచ్చుకునేది. "పాలను కూడా నమ్మకుండా కాచమన్యాడు చూడు, ఆయప్ప మనోడు."

ఇదంతా మా వీధికి వినోదం. ఆదెన్న ఇంట్లో పట్టుపురుగులు చచ్చేదాకా.

వేరుశనగ వరుసగా ఎండిపోయిన కాలమది. బోరులో కాస్త నీళ్ళున్నవాళ్ళు ఇంత మల్బరీ వేసి పురుగులు మేపుతున్నారు. ఆకు కోసి తెచ్చి, తరిగి, తట్టల్లో మేత వేసే పని సుంకమ్మది. భర్త పోయిన మనిషి, ఆ కూలితోనే ఇల్లు నడిచేది. ఆదెన్న పురుగులు గూళ్ళు కట్టే వేళకు, ఒంటిమీద మిరియాలపొడి చల్లినట్టు నల్లమచ్చలు లేచి, మేత మానేసి, తట్టలు తట్టలే చచ్చాయి. తర్వాత ఓబుళేసు ఇంట్లో కూడా. రెండిళ్ళలోనూ మేత వేసింది సుంకమ్మే.

"ఆయమ్మ చెయ్యి మంచిది కాదు. ఇంగ ఏ ఇంట్లోనూ తట్ట ముట్టకూడదు," అన్నాడు ఆదెన్న వాకిట్లో నలుగురినీ పోగేసి.

"మంచిది కాకుంటే పోయిన పంట గూళ్ళు ఎవురు మేపితే కట్టినాయన్నా? అప్పుడు నా చెయ్యి యాడుండె?" అంది సుంకమ్మ. గొంతు గట్టిగానే ఉంది గానీ కొంగు కొసను నలుపుతూ ఉంది. ఆదెన్న బీడీ ముట్టించుకున్నాడు. నా ఊరి మీద నాకున్న చెడ్డ అభిప్రాయం ఆ పొద్దు ఇంకొంచెం బలపడింది.

అప్పుడు గుంపు వెనక నుంచి సారు దగ్గాడు.

"ఏమప్పా, ఆయమ్మ ఒక్కదాని మీదనేనా అనుమానం? ఇంతమంది ఉండంగా?" నిజంగానే నొచ్చుకున్నట్టున్నాడు. "ఆదెన్నా, నీ బీడీ మీద నాకు అనుమానం. నీ పెండ్లాం చౌడమ్మ ఎండుమిరపకాయల పోపు మీద కూడా. ఆ ఘాటుకు నాకే ఊపిరాడదు, పురుగెంత? ఈ దివాకర్ మీద సరే సరి, ఈని మొగం చూస్తే మనుషులే మేత మానుకుంటారు. ఇంగ నేనా, మొన్న మీ వాకిట్లో తుమ్మినా."

"అట్లయితే నిన్నూ బయట పెట్టల్నా సారూ?" అన్నాడు ఓబుళేసు. జనం నవ్వారు.

"విచారణ అయ్యేదాకా అందురమూ ముద్దాయిలమే. అందురమూ పనికి పోతాము. ఆయమ్మా పోతాది." తర్వాత ఆదెన్న వైపు తిరిగాడు. "గుడ్లు యాడ కొన్యావు?"

"బస్సులో ఒకాయన తెచ్చి అమ్మినాడు. రేటు తక్కువని నేనూ, ఓబుళేసూ తీసుకున్యాము."

"వాటి తల్లిని చూసినావా?"

"పురుగుకు తల్లేంది సారూ!"

"ఎద్దును కొనేటప్పుడు నోరు తెరిచి పండ్లు చూస్తావే, గుడ్లు కొనేటప్పుడు తల్లిని చూడొద్దా? ఫ్రాన్సులో ఇట్లే పురుగులు చస్తే పాశ్చరు తల్లిపురుగులను నూరి, భూతద్దంలో చూసినాడు. తల్లికి రోగముంటే ఆ గుడ్లు పారేయమన్యాడు."

తల్లి రోగం బిడ్డల్లోనూ కనపడతాదని, చావగా మిగిలిన కొన్ని గూళ్ళను అమ్మకుండా ఉంచమన్నాడు. వాటిలోంచి రెక్కల పురుగులు బయటికొచ్చిన పొద్దు, సారు తన మైక్రోస్కోపు మోసుకొచ్చాడు. హిందూపురం పాత సామాన్ల అంగట్లో కొన్న ఇత్తడి గొట్టం అది. పురుగును కల్వంలో నూరి, చుక్కను గాజుపలక మీద వేసి, ఒక కన్ను మూసి వంగాడు. వీధి వీధంతా చుట్టూ మూగింది. సుంకమ్మ గోడకానుకుని నిలబడింది. చౌడమ్మ పొయ్యి మీద పోపు మాడుతోంది.

"ఉండాయప్పా రోగపు నలుసులు! కోడిగుడ్ల మాదిరి నున్నగా, మెరుస్తా, లెక్కలేనన్ని. రోగం గుడ్లలోనే వచ్చింది."

"నేనూ చూస్తా సారూ," అంటూ ఆదెన్న ముందుకొచ్చాడు.

"నువ్వొద్దు. చెయ్యి మంచిది కాకుంటే పురుగు చస్తాదంటివే, నీ కన్ను మంచిది కాక నా అద్దం పగిలితే ఎవురిస్తారు?"

ఆదెన్న నిజంగానే రెండడుగులు వెనక్కి వేశాడు. ఇల్లంతా సున్నం కొట్టి, తల్లిని పరీక్షించి ఇచ్చే గవర్నమెంటు వాళ్ళ గుడ్లు తెచ్చుకోవాలని తీర్మానమైంది. "పొద్దున్నే రా సుంకమ్మా, తట్టలు కడగల్ల," అంది చౌడమ్మ.

మైక్రోస్కోపు సారు ఇంటిదాకా నేనే మోసుకుపోయాను. ఎవరూ లాభం లేకుండా ఏ పనీ చెయ్యరని నా గట్టి నమ్మకం. సారు చెప్పులు విప్పుకుంటుంటే గొట్టంలోకి తొంగిచూశాను. చీకటి. తిప్పి చూశాను. వెలుతురు పైకి పంపే అద్దం లేదు. పై కటకానికి బూజు.

"సార్, దీంట్లో ఏమీ కనపడదు."

"నువ్వు చూసినావా?"

"చూసినా."

"కనపడదంటివే, ఇంగేం చూసినావు?"

"మరి మీరు ఉండాయన్యారే! చూడంది నమ్మనంటారే!"

సారు తీరిగ్గా కూర్చున్నాడు. "పాశ్చరు మొదట్లో ఆ నలుసులను కండ్లారా చూసి, పురుగుల చావుకు అవి కారణం కాదన్యాడు. చూసి తప్పు చెప్పినాడు. నేను చూడకుండా సరిగ్గా చెప్పినా. ఎవురు మేలు?"

"కొత్త గుడ్ల పురుగులు కూడా చస్తే?"

"చౌడమ్మ పోపు ఉండనే ఉండాది," అని నా సంచి వెతకడం మొదలుపెట్టాడు.

తర్వాతి పంట చావలేదు. గూళ్ళు గట్టిగా, తెల్లగా వచ్చాయి. ఆ పొద్దున సుంకమ్మ గిన్నెతో సారు ఇంటికొచ్చింది.

"ఏముండాది దీంట్లో?"

"బొరుగుల ఉగ్గాని సారూ."

"నువ్వు చేసేది నేను చూసినానా?"

"చూడలే. తినండి."

సారు నాకేసి చూశాడు, గిన్నెకేసి చూశాడు. వేలు ముంచలేదు, వాసన చూడలేదు. గిన్నె అడుగు కనపడేదాకా తిని, తిరిగిస్తూ ముఖం చిట్లించాడు.

"ఈ పొద్దు బాగుండాది. రేపు గూడా ఇట్లే ఉంటాదని నాకు నమ్మకం లే."

సుంకమ్మ కొంగు అడ్డుపెట్టుకుని నవ్వింది. మర్నాడు మళ్ళీ తెచ్చింది.