వసుంధర మేడం మార్చనివ్వని పసుపు

నూలు కాగితం కట్ట విప్పితే ఉతికి ఆరేసిన గుడ్డ వాసన వస్తుంది. ఈ పొద్దున పటాన్‌చెరులోని మా ప్రెస్సులో కొత్త కట్ట విప్పగానే వసుంధర మేడం గుర్తొచ్చారు. ఈ ప్రెస్సు పెట్టిన ఆవిడ పోయినేడు కాలం చేశారు. చిత్రకారుల అసలు బొమ్మను ఫొటో తీసి, రంగు తప్పకుండా మంచి కాగితం మీద అచ్చు వేసే పని నాకు నేర్పింది ఆవిడే. బొమ్మలంటే ప్రాణం పెట్టేవాళ్లు ఆ అచ్చులు కొని దాచుకుంటారు.

అంతకుముందు నేను కాజీపల్లిలో మందుల డబ్బాల అట్టలు అచ్చువేసే కంపెనీలో చేశాను. అక్కడ ఎంత మెరిస్తే అంత మంచి పని. ఆ అలవాటుతో ఇక్కడా మెరిపించబోతే మేడం నవ్వేవారు. ఫ్యాక్టరీ ఉద్యోగానికి కోస్తా నుంచి వచ్చిన తండ్రితో చిన్నప్పుడే ఇక్కడికి చేరినా ఆవిడ మాటలో ఆ యాస పోలేదు. "బొమ్మకి పౌడరు రాయకమ్మాయ్, ఉన్నదున్నట్టు రానీ" అనేవారు. ట్యూబులైటు కింద రంగు చూడనిచ్చేవారు కాదు. అసలునూ అచ్చునూ వరండా నీడలో పక్కపక్కన పెట్టి, టీ చల్లారిపోతున్నా చూస్తూ కూర్చునేవారు. కొనడానికి వచ్చినవాళ్ల చేతికి భూతద్దమిచ్చి, "చుక్కలు కనిపిస్తున్నాయా? కనిపిస్తే అది చవకరకం అచ్చు. కింద బొమ్మ వేసినాయన పెన్సిలు సంతకం ఉందా?" అని పాఠం మొదలుపెట్టేవారు. పాపం, వాళ్లేమో తొందరగా వెళ్లిపోదామని వచ్చుంటారు!

కొండాపూర్ నుంచి వచ్చే నర్సింలు సారు రిటైరైన డ్రాయింగు మాస్టారు. గడపలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలిచే తన భార్య యాదమ్మను ఆయన బొమ్మ వేశారు. అది పూర్తయిన కొన్నాళ్లకే ఆమె పోయింది. ఆ బొమ్మ చూసి మనసు పడినవాళ్లు అచ్చులు కావాలన్నారు. మేం నమూనా తీసేలోపు సారుకి కంటి ఆపరేషనైంది. చూడటానికి వచ్చి, అచ్చు ముందు నిలబడిపోయారు.

"ఇదేంది బిడ్డా, గింత పసుపు? మా యాదమ్మ గిట్లుండెనా?"

నేను అసలు బొమ్మ తెచ్చి పక్కన పెట్టాను. అందులోనూ అదే పసుపు. సారు కూలబడ్డట్టు కూర్చున్నారు.

"కండ్లల్ల పొర ఉన్నప్పుడు ఏసిన. నాకే తెల్వలే. జెర తగ్గియ్యి బిడ్డా. లేకుంటే నేను సంతకం పెట్ట."

సంతకం లేకపోతే ఆ అచ్చును ఎవరూ దాచుకోరు. తగ్గించడం నాకు చిటికెలో పని, చేయి కంప్యూటరు మీదికి పోయింది కూడా. మేడం నన్ను ఆపి, ఆయన పక్కన కూర్చున్నారు.

"బొమ్మ మీది మాస్టారూ, మీరెలా అంటే అలాగే చేస్తాం. ఒక్కటి చెప్పండి. ఆవేళ ఆవిడ మీకు ఇలాగే కనిపించారా?"

"గిట్లనే కనవడ్డది."

"ఇప్పుడు మారిస్తే కొత్త కళ్లతో చూసినట్టవుతుంది. ఆ కళ్లతో మీరు ఆవిడ్ని చూడనేలేదు కదండీ."

సారు తువ్వాలుతో ముఖం కప్పుకున్నారు. తువ్వాలు తీసి ఆయన, "ఆమెకు ఎరుకే ఉంటది. బొమ్మ సూసి నవ్వింది. పసుపెక్కువైందని ఎందుకు చెప్పలే?" అన్నారు.

"మొగుడు బంగారుబొమ్మలా చూస్తుంటే ఎవరు వద్దంటారండీ?" అన్నారు మేడం.

ఆయన ఏడుస్తూనే నవ్వి, పెన్సిలు అడిగారు.

ఇప్పుడు ప్రెస్సు నేనే నడుపుతున్నాను. ఎదురుగా మనిషి బాధపడుతుంటే మేడంలా మాట్లాడటం నాకింకా చేతకాదు. మొన్న చిట్కుల్ నుంచి ఒకాయన తన తండ్రి గీసిన బొమ్మ తెచ్చాడు. అందులో పిల్లవాడి చెయ్యి వంకరగా ఉందనీ, దాన్ని సరిచేసి అచ్చు తీయాలనీ అడిగాడు. కుర్చీ వేసి కూర్చోబెట్టాను.

"మీ నాయన ఎవల్ని సూసుకుంట గీసిండన్నా?" అన్నాను.

ఆయన చొక్కా చెయ్యి పైకి మడిచి నా ముందు చాపాడు. చిన్నప్పుడు విరిగి అతుక్కున్న ఆ చెయ్యి, బొమ్మలో ఎలా ఉందో అలాగే ఉంది.

"అట్లనే ఉండనీ అక్కా," అన్నాడు.