నడుమ పడిన ఉన్నిబంతి

వ్యాయామ విద్య శిక్షణకు వచ్చే పిల్లలకు నైపుణ్యాల వర్గీకరణ చెప్పడం నాకు ఇష్టమే. సర్వీసు పూర్తిగా మన చేతిలో ఉన్న పని, కాబట్టి అది మూసిన నైపుణ్యం. ఎదుటివాళ్లు కొట్టిన బంతి ఎటొస్తుందో తెలియదు, దాన్ని అందుకోవడం తెరిచినది. అక్కడిదాకా బాగానే సాగుతుంది. ‘ప్రతికూల బదలాయింపు’ దగ్గరికి వచ్చేసరికి పాఠం ముందుకు కదలదు. పాత అలవాటు కొత్త ఆటకు అడ్డం పడటమని పుస్తకం తేల్చి పారేస్తుంది. పుస్తకానికేం, అది ఎవరితోనూ జోడీ కట్టలేదు.

యెమ్మిగనూరు బడిలో నేనూ నా జోడీ ఉన్నిబంతితో బాల్ బ్యాడ్మింటన్ డబుల్స్ ఆడేవాళ్లం. తను నాకంటే రెండేళ్లు చిన్న, మగ్గం నేసే ఇంటి పిల్ల, ఎడమచేతి వాటం. నాది కుడి. నేను ఎడమ పక్క, తను కుడి పక్క నిలబడితే ఇద్దరి బ్యాట్లూ నడుమలో కొట్టుకునేవి. ఒకసారి నా కనుబొమ్మ చిట్లింది. ఆ రోజే ఒప్పందం చేసుకున్నాం. నడుమ పడిన ఉన్నిబంతి తనది, నేను పక్కకు జరగాలి.

తర్వాత తను చదువు మాని మగ్గంలో కూర్చుంది. నేను పైచదువుకు ఆదోని చేరాను. అక్కడ ఉన్నది షటిలే. నడుమకు షటిల్ వస్తే చాలు, నా కాలు దానంతట అదే పక్కకు జరిగేది. కొత్త జోడీ అమ్మాయి తెల్లమొహం వేసేది.

“ఎవురి కోసరం ఇడ్సిపెడ్తాండావు తల్లీ?” అనేవారు మా సారు.

నవ్వేసేదాన్ని గానీ లోపల ఏడుపొచ్చేది. తను లేదని కాలికి ఎట్లా చెప్పేది? యెమ్మిగనూరు బస్సు కనబడినప్పుడల్లా ఎక్కేద్దామనిపించేది. రెండేళ్లు తిట్లు తిని ఆ అలవాటు వదిలించుకున్నాను. సారు మెచ్చుకుంటే సిగ్గు లేకుండా మురిసిపోయాను కూడా.

మొన్న వేసవిలో ఆ బస్సెక్కాను. తనతో ఒక్క ఆట, మునుపటిలాగే ఆడాలి. ఎన్నో ఏళ్లుగా నా కోరిక అంతే. తను పాత బ్యాట్ తీసుకుని బడి మైదానానికి వచ్చింది. నేను ఎడమ పక్క, తను కుడి పక్క నిలబడ్డాం. వలకు అవతల, ఆ బడి ఆడపిల్లలిద్దరు. నాలుగో బంతి సరిగ్గా నడుమకు వచ్చింది. ఒక్క అడుగు వేసి కొట్టేశాను. పాయింటు మాకే వచ్చింది.

తను ఎత్తిన బ్యాట్ ఇంకా దించలేదు.

“అది నాది గదక్కా,” అన్నది.