ఉప్పుగాలి మీదికి నెట్టేశాను

ఏళ్లుగా ఒక మాట గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లయితే వాళ్ల ముఖం చూడగానే ఇక్కడే ఆగిపోయేవాణ్ని.

సముద్రం ఒడ్డున మైపాడులో నాది చిన్న కంప్యూటర్ రిపేరు కొట్టు. మా ఊళ్లో ఏ వస్తువు చెడినా ఒకటే మాట: ఉప్పుగాలి. ఫ్యాను తిరగకపోతే ఉప్పుగాలి. తాళం పట్టేస్తే ఉప్పుగాలి. చాలాసార్లు నిజమే కూడా. అందుకే ఆ మాట అన్నాక ఇంకెవరూ ఏమీ అడగరు.

పెంచలయ్యన్న వేడుకలకు వీడియోలు తీసి, ఇంట్లోనే మిక్సింగ్ చేసి ఇచ్చేవాడు. ఆయన పాత వర్క్‌స్టేషన్, అంటే ఆ పనికి వాడే పెద్ద కంప్యూటర్, ఒకరోజు ఆగిపోయింది. నా దగ్గరున్న పాత సామానుతోనే దాన్ని నిలబెడతానని గొప్పగా చెప్పాను. బోర్డు ఒక మిషన్‌ది, పవర్ సప్లై ఇంకోదానిది, ర్యాము మరోదానిది. ఏది దేనికి పడుతుందో చూసుకుంటూ కూర్చాను. డిస్కు మాత్రం ఆయనదే. వాళ్ల పాప చెవులు కుట్టించిన వీడియో అందులో ఉంది. పాపను ఒళ్లో కూర్చోబెట్టుకున్న మేనమామ, అంటే ఆయన భార్య రమణమ్మక్క తమ్ముడు, ఆ తర్వాత సముద్రం మీద చేపల వేటకు పోయి తిరిగి రాలేదు. శవం కూడా దొరకలేదు. అతని మాట, నవ్వు మిగిలింది ఆ వీడియోలోనే. కాపీ తీసిపెట్టాలని అనుకుంటూనే ఉన్నారు. ఈ సంగతంతా నాకు తెలుసు.

ఆ పవర్ సప్లైకి వైర్లు విడిగా గుచ్చాలి. డిస్కుకు వెళ్లే వైరు కనిపించలేదు. డబ్బాలో వేరే కంపెనీది ఒకటి దొరికింది. గుచ్చాను. సరిగ్గా దిగింది, టక్కుమని క్లిప్పు కూడా పడింది. సెట్టయింది అనుకున్నాను. మా పనిలో రోజూ వాడే మాట అది, అంతగా మోసం చేసే మాట ఇంకోటి లేదు. ప్లగ్గు ఒకేలా ఉన్నా ఏ పిన్నులో ఎంత కరెంటు రావాలో ఒక్కో కంపెనీ ఒక్కోలా పెడుతుంది. నాకు తెలియదా? తెలుసు. కరెంటు కొలిచి చూసే మీటరు మోచేతి పక్కనే ఉంది. ఆయన తొందరపెట్టాడు కాబట్టే చూడలేదని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను కానీ, అసలు సంగతి అది కాదు, అన్నీ వరసగా కుదిరేసరికి నా చేతికి తిరుగులేదన్న పొగరు తలకెక్కింది.

స్విచ్చి వేశాను. డిస్కు కింద చిటపట. పొగ. మాడిన వాసన.

పెంచలయ్యన్న టీకి వెళ్లి ఉన్నాడు. నేనేం చేశానో తెలుసా? అగరొత్తులు వెలిగించాను.

“ఏమబ్బయా, అయినాదా?” అంటూ వచ్చాడు.

“మిషన్ అయినాదన్నా. డిస్కే పోయుండాది. ఉప్పుగాలికి తుప్పు పట్టేసినాది.”

ఆయన స్టూలు మీద కూర్చున్నాడు. “కిటికీ మూయవే అంటే మా ఇంటామె యింటేనా? తమ్ముడు పోయిన కాడి నుంచి అది తెరిచి పెట్టుకోని సముద్రం దిక్కే చూస్తా కూసుంటాది. మిషన్ దాని పక్కనే గదా ఉండాది” అన్నాడు.

అప్పుడైనా నోరు తెరవొచ్చు. తెరవలేదు. పైగా, అవునన్నట్టు తల ఊపాను. డిస్కు కాల్చినదానికన్నా ఆ తల ఊపడమే నన్ను ఎక్కువ తినేస్తోంది.

రమణమ్మక్క ఆ తర్వాత కిటికీ తెరవలేదట. ఒకసారి బజారులో కనిపించి, “నా చేతులారా వాణ్ణి రెండోసారి పోగొట్టుకున్నా అబ్బయా” అంది. ఫోను మోగినట్టు చెవికి పెట్టుకుని పక్కకు వెళ్లిపోయాను. ఇప్పటికీ ఆమె దూరంగా కనిపిస్తే సందు మారిపోతాను.

ఇంకొకటి దాచాను. పారేస్తానని చెప్పిన ఆ డిస్కు నా సొరుగులోనే ఉంది. కాలింది కింద ఉండే సర్క్యూట్ పలక మాత్రమే. లోపల వీడియో భద్రంగా ఉండి ఉండొచ్చు. అలాంటివి బయటికి తీసేవాళ్లు చెన్నైలో ఉన్నారు. వెంటనే ఎందుకు పంపలేదు? వీడియో దొరికితే ఎలా దొరికిందో చెప్పాలి. చెబితే నా అబద్ధం బయటపడుతుంది. ఆ భయంతోనే రేపు, ఎల్లుండి అంటూ ఏళ్లు గడిపేశాను.

నిన్న దాన్ని బయటికి తీశాను. స్క్రూల చుట్టూ ఎర్రగా తుప్పు. మూత అంచుల్లోనూ పాకింది. ఆ రోజు నేనాడిన అబద్ధం నా సొరుగులోనే మెల్లగా నిజమవుతోంది. తుప్పు లోపలికి దిగిందో లేదో తెలియదు. పంపితే తెలుస్తుంది. పంపాలంటే ముందు ఆమెకు చెప్పాలి. ఆమె గడప దాకా వెళ్లగలనా? వెళ్లినా నోరు పెగులుతుందా?

క్షమించమని అడిగే ముఖం నాకు లేదు. కానీ ఇంతవరకూ రాశాక ఊపిరి కొంచెం ఆడుతోంది. ఆమెతో అనలేని మాట ఇక్కడైనా అననివ్వండి. కిటికీ వల్ల కాదక్కా. నీ తమ్ముడి గొంతు కాల్చింది నేను.