రోజుకు ఒక సెంటీమీటరు

తమిళ దేశంలో, కారమడై దగ్గర మా తోటలో బోరు నీళ్ళకు బదులు గాలి తోడడం మొదలుపెట్టింది. పట్నంలో, ఆర్.ఎస్. పురంలో ఉండే మరిది ఫోన్ చేసి, ఇంకా లోతుకు వేయిద్దామన్నాడు. ఇట్లాంటివి మా ఆయన చూసుకునేవారు. ఆయన పోయాక తోటింట్లో నేనొక్కదాన్నే. ముందు నీళ్ళు ఎక్కడున్నాయో తెలియనిమ్మని, కొలిచేవాళ్ళను పిలిపించాను.

ఒక అమ్మాయి వచ్చింది. తమిళంలో పలకరించి, బోరులోకి టేపు దించింది. నీళ్ళు నూట ఇరవై ఎనిమిది మీటర్ల కింద ఉన్నాయంది. మీటర్లంటే నాకు లోతు కంటికి ఆనదు. మూడుంపావుతో హెచ్చించి, పైన ఇంకాస్త కలుపుకున్నాను. దగ్గర దగ్గర నాలుగువందల ఇరవై అడుగులు. ముప్పై ఏళ్ళ కింద, నేను కాపురానికొచ్చిన ఏడు, ఇదే బోరులో అరవై అడుగులకే నీళ్ళు. మూడువందల అరవై అడుగులు దిగింది. ముప్పైతో భాగిస్తే ఏడాదికి పన్నెండు.

ఈ లెక్కంతా పైకే అంటున్నానని నాకు తెలియలేదు. ఆ అమ్మాయి నవ్వి, తెలుగులో అంది: "మా అవ్వ కూడా ఇట్లనే లెక్క పెడుతుంది, పెద్దమ్మా."

వాళ్ళది దిండిగల్ పక్కనట. ఎన్నాళ్ళకో ఇంట్లో ఇంకొక తెలుగు గొంతు వినబడింది. మరిది కూడా ఇప్పుడు తమిళంలోనే మాట్లాడతాడు. కాఫీ ఇచ్చి కూర్చోబెట్టాను.

ఏడాదికి పన్నెండు అడుగులంటే సెంటీమీటర్లలో మూడువందల అరవై ఆరు దాకా వస్తుందని ఆ అమ్మాయి లెక్కగట్టి అంది: "అంటే రోజుకు ఒక సెంటీమీటరు, పెద్దమ్మా."

రోజూ ఒకేలా దిగి ఉండదనీ, వాన బాగా పడిన ఏడు పైకి కూడా వచ్చి ఉంటుందనీ, ఇది సగటు మాత్రమేననీ ఓపిగ్గా చెప్పింది. నాకు మాత్రం ఆ ఒక్క సెంటీమీటరే మనసులో నిలిచిపోయింది. మేమిద్దరం అన్నం తిన్న రోజూ, అలిగి మాట్లాడుకోని రోజూ, కింద అది దిగుతూనే ఉంది. ఆయనకు చెప్పాలనిపించింది.

ఆ అమ్మాయి వెళ్ళాక కాఫీ గ్లాసు కడగడానికి కూడా లేవబుద్ధి కాలేదు.

మర్నాడు మరిదికి ఫోన్ చేసి, బోరు వద్దన్నాను. అరటి గెలలు దిగాక మళ్ళీ నాటనని, వాన మీద జొన్న వేస్తానని చెప్పాను. అతను తమిళంలో నచ్చజెప్పబోయాడు. చివరికి తెలుగులోనే అన్నాడు: "నీ ఇష్టం వదినా."

జొన్న కంకులు పాలుపోసుకున్నాయి. పొద్దున్నే కేకలేసి పిట్టల్ని తోలడానికి వెళుతున్నాను. ఆ కేకలు తప్ప, కొన్ని రోజులు నా గొంతు నాకే వినబడదు.