ఎసట్లో ఎంతమంది?

ఇంతమంది భోజనానికి వస్తారని స్వరాజ్యం నోటితో చెప్పదు. తినేవాళ్ళను లెక్కపెడితే వాళ్ళ ఆకలి చచ్చిపోతుందని అత్త చెప్పింది. అత్తకు ఆమె అత్త చెప్పి ఉంటుంది. మగ్గాల వెంట సిరిసిల్ల నుంచి సూరత్ చేరిన ఇళ్ళకు సామాను పెద్దగా రాలేదు గానీ, ఇలాంటివి మాత్రం ఒక్కటీ వెనక ఉండిపోలేదు.

మరి నవాగామ్‌లోని ఆ ఒక్క గదిలో పదేళ్ళుగా మగ్గాల పనివాళ్ళకు వండిపెడుతోందే, బియ్యం ఎలా కొలుస్తుంది? మనిషిని తలుచుకుని ఒక్కో దోసిలి పోస్తుంది. రాములుకు పన్ను నొప్పి అయితే అతని దోసిలి సన్నబడుతుంది. కొమురవ్వ కొడుకు డబల్ డ్యూటీ చేసి వస్తుంటే పొంగి పొర్లుతుంది.

"నా దోసిట్ల గింజలు తక్కువైనయేందే?" అంటాడు భర్త అంబదాస్.

"నిన్న నన్ను కసురుకున్నవ్ గద. చేతులకు యాదికుంటది."

2005 జులైలో పాండేసరలోని ఒక రంగుల మిల్లులో క్యాంటీన్ నడిపే పని ఖాళీ అయింది. స్వరాజ్యం మనసంతా అక్కడి వంటగది మీదే. ఎత్తైన గట్టు, పొగ పోయే గొట్టం, తిప్పితే నీళ్ళొచ్చే కుళాయి. వానాకాలమంతా గది ముందు టార్పాలిన్ కింద నడుం వంచి పొయ్యి ఊదినదానికి, నిటారుగా నిలబడి వండటమంటే అంతకన్నా వైభోగం లేదు.

క్యాంటీన్ చూసే ఉద్యోగి దినేశ్‌భాయ్ మంచివాడే, కాకపోతే కాగితం మనిషి. "సోమవారం వండి చూపించండి, స్వరాజ్‌బెన్. మీ ఎక్స్‌పెక్టేషన్ ఎంత?"

కూతురు నీరజ ఉధనాలో స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసుకు వెళుతోంది. "ఎంతమంది వస్తరనుకుంటున్నవ్ అని అడుగుతుండమ్మా" అంది.

"వచ్చినోళ్ళందరు తింటరని చెప్పు."

ఈమెకు అంచనా తెలియదని తేల్చుకుని దినేశ్‌భాయ్ తనే రిజిస్టరు గడిలో రాసుకున్నాడు. "హాజరు పట్టీ ప్రకారం డెబ్భై. అన్నం తక్కువ పడినా, మిగిలి మోరీ పాలైనా నేను ఇంకొకరిని చూసుకుంటాను."

తిరుగుదారిలో షేర్ ఆటోలో నీరజ చిరాకు పడింది. "నంబర్ చెప్పితే ఏం పోయేదే? మా సార్ మంచిగ చెప్పిండు. వాన పడాల్నని కోరుకుంటే హోప్. మబ్బు చూసి గొడుగు పట్టుకుంటే ఎక్స్‌పెక్టేషన్. వస్తదని నమ్మి తయారుగ ఉండుడన్నట్టు."

"గంతేనా? గట్లయితే పదేండ్లసంది నేను చేసేది గదే."

"మరి చెప్పొచ్చు గద!"

"గొడుగు పట్టుకుంటం గని, ఎన్ని చుక్కలు పడ్తయో చెప్తమానే?"

నీరజతో పాటు పక్కన కూర్చున్న ముసలాయన కూడా నవ్వాడు, భాష తెలియకపోయినా.

గొప్ప మాటే ఈ ఎక్స్‌పెక్టేషన్. మనం ఆశ, అంచనా, ఎదురుచూపు అని విడివిడిగా మూటలు కట్టుకుంటే, ఇంగ్లిష్ వాళ్ళు వాటిలో సగానికి సగం ఒకే సంచిలో కుక్కారు. కడుపుతో ఉన్న మనిషినీ 'ఎదురుచూస్తోంది' అనే అంటారట. పైవాడు కిందివాడి నెత్తిన పెట్టే బరువుకూ అదే పేరు. దినేశ్‌భాయ్ గడిలో ఉన్నది ఈ చివరిదే.

ఇక్కడ స్వరాజ్యానికి చిక్కొచ్చి పడింది. ఆ మిల్లులో ఆమెకు ఒక్క ముఖమూ తెలియదు. ముఖం తెలియనిదే దోసిలి ఎలా నిండుతుంది? అందుకే శనివారం షిఫ్టు మారేవేళకు నీరజను వెంటబెట్టుకుని గేటు ఎదురుగా నిలబడింది. చేతులకు నీలం, పసుపు రంగులంటిన మనుషులు బయటికొస్తుంటే ఒక్కో ముఖాన్నీ మనసులో పెట్టుకుంది. వాళ్ళలో యూపీవాళ్ళు కొందరు అరటిపళ్ళ బండి చుట్టూ మూగి సోమవారానికి పళ్ళు పక్కన పెట్టమని చెబుతున్నారు.

"సోమారం ఏముందంటనే?" అంది స్వరాజ్యం.

నీరజ వెళ్ళి కనుక్కుని వచ్చింది. "వాళ్ళకు శ్రావణం షురూ అయిందట. మొదటి సోమారం, ఉపాసం."

గుజరాతీలకూ మనకూ శ్రావణం ఇంకా పదిహేను రోజులుంది. ఉత్తరాదివాళ్ళు పున్నమి మర్నాడే నెల మార్చేస్తారు. ఒకే ఆకాశం, ఒకే చంద్రుడు, రెండు పంచాంగాలు! హాజరు పట్టీలో ఉపవాసాలకు గడి ఉండదు. ఆ సాయంత్రం స్వరాజ్యం బంగాళాదుంపలు, పల్లీలు, ఉపవాసానికి పనికొచ్చే సైంధవ లవణం కొంది. ఉల్లిగడ్డ సోకని కొత్త గిన్నె కూడా.

సోమవారం పన్నెండున్నరకు దినేశ్‌భాయ్ వచ్చి అన్నం గుండిగ మూత ఎత్తాడు. ముఖం మాడిపోయింది.

"డెబ్భై అన్నాను కదా! ఇందులో సగానికి ఎక్కువ లేదు."

"జర ఆగుండ్రి, సాబ్" అంది స్వరాజ్యం. మూత తిరిగి గుండిగ మీద పెట్టింది.

గంట కొట్టారు. ఒడిశావాళ్ళు, మరాఠీలు, తెలుగువాళ్ళు వరుసకట్టారు. ముప్ఫైమంది దాకా పళ్ళేలు ముట్టకుండా గోడవారగా వెళ్ళి అరటిపళ్ళ పొట్లాలు విప్పుకున్నారు.

"భయ్యా, మీరు గూడ రాండ్రి" అని కేకేసింది స్వరాజ్యం. "ఆలుగడ్డలు, పల్లీలు. ఉపాసపు ఉప్పే ఏసిన."

వాళ్ళలో పెద్దవాడు అనుమానంగా లేచి వచ్చాడు. గిన్నె వాసన చూశాడు. ఉప్పు పొట్లం అడిగి చూశాడు. ఆ తర్వాత వెనక్కి తిరిగి, "అరే, రండిరా! మనకూ వండింది!" అని అరిచాడు.

ఒంటిగంటకల్లా అన్నం గుండిగలో ఒక్క మనిషికి సరిపడా మిగిలింది. స్వరాజ్యం దాన్ని దినేశ్‌భాయ్‌కే వడ్డించింది.

"శ్రావణం ఇంకా రాలేదు కదా?" అన్నాడతను కలుపుకుంటూ.

"మీది రాలే, మాది రాలే. వాళ్ళది అచ్చింది."

అతను నవ్వాడు. పప్పు రెండోసారి వేయించుకున్నాడు. జేబులోంచి వంటగది తాళంచెవి తీసి గట్టు మీద పెట్టి, అలవాటు కొద్దీ రిజిస్టరు తెరిచాడు. "మరి రేపటికి? అంకె రాయాలి బెన్."

"గడి మీరే నింపుకోండ్రి. నేను గేటు కాడ ముఖాలు చూసుకుంట" అంది స్వరాజ్యం కొంగు దోపుకుంటూ. "ఇయ్యాల ఉపాసమున్నోళ్ళు రేపు ఎంత ఆకలి మీదుంటరో మీకేం ఎర్క? నీరజా, పైనున్న పెద్ద గుండిగ దించే!"