మూడో అంతస్తు ఫిజిక్స్

సీటిచ్చే రోజున గుమాస్తా ఆమె మార్కులు చూడలేదు. ఆమె కూర్చున్న కుర్చీ చక్రాలు చూశాడు.

"ఏ కోర్సమ్మా?"

"ఫిజిక్స్ సార్."

"ఫిజిక్స్ మూడో అంతస్తమ్మా, లిఫ్టు లేదు. కామర్స్ అయితే ఇదిగో, కిందే. గుమ్మం దాటితే క్లాసు. ఏదైతేనేం, డిగ్రీ డిగ్రీయేగా!"

అంత మంచి సలహా ఇచ్చినందుకు ఆమె తండ్రి గుమాస్తాకి పదే పదే కృతజ్ఞతలు చెప్పాడు. పదిహేడేళ్ళ పిల్ల తలూపింది. ఆ విశ్వవిద్యాలయం పుస్తకంలో లేని కోర్సు లేదు. మొక్కల శాస్త్రం, రాళ్ళ శాస్త్రం, గణితం, మనస్తత్వశాస్త్రం, సంగీతం. 'మీకు నచ్చింది ఎంచుకోండి' అని అట్ట మీద రంగుల్లో అచ్చేశారు. ఆమెకి మాత్రం కింద ఉన్నదే నచ్చాలి. కింద ఉన్నవి కామర్స్, చరిత్ర. అంతే. ఆమె కామర్స్ చదివింది, పాసయింది. దాన్ని అన్యాయమని ఎవరూ అనలేదు, ఆమె కూడా అనలేదు. "వాళ్ళు మంచివాళ్ళు కాబట్టి మన పిల్లకి సీటిచ్చారు" అని ఇంటిల్లిపాదీ చెప్పుకున్నారు.

ఆ చదువు ఆమెకి వంటబట్టలేదు. బజారు మలుపులో ఫ్యాన్లు, రేడియోలు, ఇస్త్రీపెట్టెలు బాగుచేసే కొట్టులో పనికి కుదిరింది. కొన్నేళ్ళకి కొట్టు ఆమె చేతికే వచ్చింది. కుర్చీ కిందికి దూరేలా కోయించిన బల్ల, సోల్డరింగు పొగ, కాలిన వైండింగు కంపు, గోడకి వేలాడే రెక్కల్లేని ఫ్యాన్లు. వీధివీధంతా ఆమెని ఫ్యానక్క అంటుంది. చేతికి పని వచ్చు, మనసుకే తృప్తి లేదు. తీగలో కరెంటు పారితే ఇనుము ఎందుకు తిరగాలి?

"తిరుగుతోంది కదక్కా, ఇంకేం కావాలి?" అని నవ్వేవాళ్ళు కొట్టుకొచ్చినవాళ్ళు.

ఆమెకి అదే కావాలి. ఎలాగో తెలుసు, ఎందుకో తెలియదు.

నలభై దాటాక, అదే విశ్వవిద్యాలయం పనులు చేసుకునేవాళ్ళ కోసం ఉదయం పూట కోర్సులు మొదలుపెట్టింది. వాటిలో ఫిజిక్స్ కూడా ఉంది. ఈసారి సీట్లు ఆన్‌లైన్లో ఇచ్చారు కాబట్టి చక్రాలు ఎవరి కంటా పడలేదు. సీటొచ్చేసింది.

మొదటి రోజు తమ్ముడు వ్యానులో దింపాడు. ఇళ్ళకి ఫ్రిజ్‌లు చేరవేసే పని అతనిది.

"బెంగపడకక్కా. ఎత్తుకుపోతాగా!"

"నా బరువెంతో తెలుసా నీకు?"

"రోజూ ఫ్రిజ్‌లు మోసేవాణ్ణి. నువ్వో లెక్కా?"

"ఫ్రిజ్ నోరెత్తదురా. నేను దారిపొడుగునా తిడతాను."

తమ్ముడు వీపు మీద ఎక్కించుకున్నాడు. కాపలాదారు కుర్చీ పట్టుకుని వెనకే వచ్చాడు. మెట్ల మీద పిల్లలు గోడకి అతుక్కుని దారిచ్చారు. ఒకరిద్దరు చూపు తిప్పుకున్నారు, ఎవరో "పాపం" అన్నారు. ఆమె బట్ట మోకాలి పైకి జరిగింది. రెండు చేతులూ తమ్ముడి మెడ చుట్టూ ఉన్నాయి, సర్దుకుందామంటే చెయ్యి ఖాళీ లేదు. రెండో అంతస్తు దగ్గర అతను గోడకి ఆనుకున్నాడు. అతని గుండె దడ ఆమె ఛాతీకి తగులుతోంది.

"దించరా."

"ఇంకొక్క అంతస్తేనక్కా."

"దించమన్నానా! రేపూ మోస్తావా? ఎల్లుండీ? నీ నడుం పట్టేసిన రోజున నా చదువూ మంచమెక్కాలా? నన్ను పైకి మోయడం కాదురా, క్లాసుని కిందికి దించమందాం."

"క్లాసుని దించడమేంటక్కా, గోడలు పీకమంటావా?"

"గోడలెందుకు? బోర్డూ సుద్దముక్కా చాలు. కింద కామర్స్ గదిలో బోర్డుంది. డిగ్రీ అంతా దానికెదురుగానే కూర్చున్నాను, నాకు తెలీదా?"

కింద ఆఫీసులో అధికారి నొచ్చుకున్నట్టు మొహం పెట్టాడు. "ఫిజిక్స్ ఎప్పుడూ పైనేనమ్మా."

"నేనెప్పుడూ కిందేనండీ."

"పోనీ, చరిత్ర తీసుకోకూడదూ? చక్కటి సబ్జెక్టు."

మళ్ళీ అదే పాట. ఈసారి తల ఊగలేదు. "చరిత్ర మీద నాకేం కోపం లేదు. నాకు సీటిచ్చింది ఫిజిక్స్‌లో. అదే చదువుతాను" అని కుర్చీ తిప్పుకుని వచ్చేసింది.

మర్నాడు క్లాసు వేళకి మెట్ల మొదట్లో, పక్కగా కుర్చీ ఆపుకుని కూర్చుంది. ఎవరి దారికీ అడ్డం లేదు. పైకెళ్ళే ప్రతి ఒక్కరికీ ఒకటే మాట: "పైన ఏం చెప్పారో దిగేటప్పుడు నాకు చెప్పి వెళ్ళండి."

చెప్పారు. కాని ఒకరు చెప్పింది ఇంకొకరికి నచ్చలేదు. "అలా కాదు", "నీ మొహం, ఆయనన్నది అది కాదు" అంటూ మెట్ల మీదే వాదన. రోజురోజుకీ గుంపు పెరిగింది. పైకెళ్ళే గణితం పిల్లలూ, కిందికొచ్చే కెమిస్ట్రీ పిల్లలూ ఇరుక్కుపోయారు. ఒకరోజు ఆ రద్దీలోకి పాఠం చెప్పే ఆయనే దిగొచ్చాడు. ఎప్పుడూ చొక్కా జేబులో సుద్ద ఉంటుందని పిల్లలు ఆయన్ని సుద్దముక్క మాస్టారంటారు.

"బరువైనది తొందరగా కింద పడుతుందక్కా" అని ఓ అమ్మాయి గట్టిగా చెబుతోంది.

"ఎవరమ్మా నీకలా చెప్పింది?"

"మీరే సార్!"

మెట్లన్నీ గొల్లుమన్నాయి. మాస్టారికి మాత్రం నవ్వు రాలేదు. తప్పు మాట గాల్లో అలా ఉండిపోతే ఆయనకి ముద్ద దిగదు. జేబులోంచి సుద్ద తీసి, గచ్చు మీద గొంతుకూర్చుని గీతలు గీయడం మొదలుపెట్టాడు. ఫ్యానక్క ఆపి ప్రశ్న అడిగింది. ఆయన చెరిపి మళ్ళీ గీశాడు. పాఠం అయ్యాక మోకాళ్ళు పట్టుకుని లేస్తూ మెట్లకేసి చూశాడు.

"ఇంతకీ నేనెందుకు రోజూ అంత పైకి ఎక్కి చస్తున్నట్టు?"

కింద కామర్స్ గది ఇప్పించమని ఆయనే ఆఫీసుకి వెళ్ళాడు. "మా గది" అని కామర్స్ పెద్దాయన సణిగాడు. ఫ్యానక్క కామర్స్ క్లాసు గుమ్మం దగ్గరికి వెళ్ళి నేరుగా పిల్లల్నే అడిగింది. "మీలో మెట్లెక్కలేనివాళ్ళు ఎవరన్నా ఉన్నారా? ఒక్కరున్నా ఈ గది నాకొద్దు."

ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. "లేరక్కా. మేం ఎక్కుతాంలే, కాస్త కొవ్వు కరుగుతుంది" అన్నాడు వెనక బెంచీవాడు.

ఆ పై వారం ఫిజిక్స్ క్లాసు కిందికి దిగింది. ఒక్క గోడా కూలలేదు. తీగ చుట్టూ పుట్టే బలం గురించి మాస్టారు చెప్పిన రోజున ఆమె నోట్సు రాయడం మరిచిపోయి, గది పైకప్పున తిరుగుతున్న ఫ్యాన్‌ని అలా చూస్తూ ఉండిపోయిందట. ఆ సంగతి మాస్టారు ఇప్పటికీ చెప్పి మురిసిపోతాడు.

ప్రయోగశాల మాత్రం ఇంకా పైనే ఉంది. ప్రయోగాలు చెయ్యకపోతే చివరి పరీక్ష రాయనివ్వరు. లిఫ్టు సంగతి చూస్తున్నామంటారు. "పోనీ ఈ ఒక్కదానికైనా మోస్తానక్కా" అంటాడు తమ్ముడు. ఆమె ఒప్పుకోదు. ప్రయోగాల రోజున మళ్ళీ మెట్ల మొదట్లో కూర్చుంటుంది. ఇప్పుడు పక్కన క్లాసు మొత్తం కూర్చుంటోంది, చివర్న మాస్టారు కూడా.

మీరు చదివే, పాఠాలు చెప్పే, మీ పిల్లల్ని పంపే కాలేజీకి ఈ వారమే వెళ్ళండి. ఏ కోర్సు ఏ అంతస్తులో ఉందో చూడండి. కుర్చీలో వచ్చే పిల్లకి అక్కడ ఏ చదువులు మిగులుతాయో లెక్కపెట్టండి. ఎత్తుకుపోతామని మాత్రం అనకండి. ఆఫీసుకి వెళ్ళి, లిఫ్టు వచ్చేదాకా క్లాసునీ, ప్రయోగశాలనీ కిందికి దించమని అడగండి. "ఎప్పుడూ పైనేనండీ" అంటారు. అప్పుడు కదలకండి. మెట్ల మొదట్లో బోలెడంత చోటుంది, వెళ్ళి కూర్చోండి.