సాయంత్రం జవాబు వినకుండానే అత్తను తీసేశారు

మా మేనత్త మాణిక్యాన్ని ఫోనులోని మా చుట్టాల గ్రూపులోంచి తీసేశారు. తీసింది ఆవిడ సొంత తమ్ముడే, బాపట్లలో ఉండే మా పెదనాన్న, రిటైరైన హెడ్మాస్టరు. అత్తకు చదువు రాదు. అయినా రోజూ పొద్దున్నే గొంతు రికార్డు చేసి ఒక జోకు, మా ఇంటి సంగతుల మీద ఒక ప్రశ్న పంపేది, జవాబు సాయంత్రం. తాత పెళ్లికి ఎవరి చెప్పులేసుకెళ్లాడో తేలక నలభైమందిమి రోజంతా వాదించుకున్నాం. మొన్న మంగళవారం “మన ఇంట్లో టెన్త్ మూడుసార్లు రాసిందెవరు?” అని అడిగింది. రాసింది పెదనాన్నే. గ్రూపులో కొత్త వియ్యంకులున్నారు, పరువు పోయిందట. మధ్యాహ్నానికల్లా అత్త లేదు.

నేను తెనాలిలో సెల్ రిపేరు షాపులో పనిచేస్తాను, సెలవు ఆదివారమే. అత్తను తీసేశారన్న కోపంతో ఆ రోజు పొద్దున్నే రేపల్లె ప్యాసింజరు ఎక్కాను. టికెట్ ఇరవై లోపే, గంట పైన ప్రయాణం. స్టేషన్ బయట ఇడ్లీ తిని నిజాంపట్నం షేర్ ఆటో ఎక్కితే మనిషికి నలభై. ఎవరింటికని డ్రైవర్ అడిగాడు. అత్త పేరు చెప్పగానే నవ్వాడు.

“పెళ్లికి చెప్పులు మారిపోయింది మీ తాతకేనామ్మా?”

హార్బరు పక్కన అత్త ఇంకో పదిమంది ఆడవాళ్లతో నెత్తళ్లు ఎండబెడుతోంది. చెయ్యీ ఆగదు, నోరూ ఆగదు. జోకు చెప్పేటప్పుడు తను నవ్వదు. చివరి మాట ముందు వంగి, చేపలు తిరగేసి, అందరూ తనవైపు చూశాక అప్పుడు వదులుతుంది. ఎంతసేపు ఆగాలో అంత బాగా తెలిసిన మనిషిని నేను ఎక్కడా చూడలేదు. మా ఇంటి చరిత్ర నాకంటే అక్కడి ఆడవాళ్లకే బాగా తెలుసు.

నన్ను చూడగానే కొంగున కట్టిన ఫోను తీసి ఇచ్చింది. మంగళవారం నుంచి ఏదీ పోవట్లేదట, పాడైందేమో చూడమంది. తీసేశారని ఆవిడకు ఎవరూ చెప్పలేదు. నాకూ నోరు రాలేదు.

“ఆ రోజు జవాబు కూడా పోలేదే, నువ్వన్నా విను. ఒకసారి తప్పినోళ్లంతా చదువొదిలి చేపల పడవెక్కేశారు. మూడోసారి రాయడానికి సిగ్గుపడనోడు మా తమ్ముడొక్కడే.”

నా ఫోనులో రికార్డు చేసుకున్నాను. బాగుచేసి తెస్తానని ఆవిడ ఫోను కూడా తీసుకుని, మధ్యలో ఒక బస్సు మారి, మూడింటికి బాపట్ల చేరాను. పెదనాన్నకు వినిపించాను. ఆయన లేచి ఫ్యాను ఆపి మళ్లీ పెట్టమన్నారు. విన్నాక, వియ్యంకులతో మాట్లాడి చూద్దామన్నారు.

“వియ్యపురాలే రెండుసార్లు ఫోన్ చేసిందండి, ఆ రోజు జవాబేంటని,” అంది పెద్దమ్మ వంటింట్లోంచి.

బాపట్ల నుంచి తెనాలి రైల్లో నిలబడే వచ్చాను. మా వాళ్లలో ఎవరు ఎవరికి ఏమవుతారో నాకు తెలిసిందంతా ఆ గొంతు వల్లే. పెళ్లిళ్లలో ఫొటోలు దిగడమే తప్ప ఒకరి సంగతి ఒకరికి చెప్పే ఓపిక మాకెవరికీ లేదు. చేపల మధ్య నిలబడి ఆవిడ ఒక్కతే మా అందరినీ కలిపి ఉంచింది.

మీరూ నిజాంపట్నం వెళ్తే ఎండ ముదరకముందే చేరండి. బాపట్ల వైపు బస్సులు తక్కువ, దిగగానే టైము అడిగి పెట్టుకోండి.

పెదనాన్నా, ఇది మీరు చదువుతారని తెలుసు. శనివారం సాయంత్రం ఆరింటిలోగా అత్త నంబరు గ్రూపులో చేర్చి, చేర్చానని నాకు చెప్పండి. ఆదివారం నేను ఆవిడకు ఫోను తిరిగివ్వాలి.